షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్: రెన్వార్ సర్కస్ అమ్మాయిల కోసమైనా వెళ్ళండి

షికాగో వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా విల్లిస్ టవర్ ఎక్కి, గింజ ఆకారంలో అద్దంలా మెరిసే ‘బీన్’ శిల్పం దగ్గర ఫోటో దిగి, అరోరా బాలాజీ గుడి చూసుకుని వచ్చేస్తారు. బీన్‌కి దగ్గర్లోనే ఉన్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియానికి పూటైనా కేటాయించండి. టికెట్ ఖరీదెక్కువే గానీ, నాకు ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ 1879లో వేసిన ఒక్క బొమ్మతోనే డబ్బులు గిట్టాయి.

ఆ బొమ్మలో ఉన్నది పారిస్‌లోని సిర్క్ ఫెర్నాండో అనే సర్కస్‌లో విన్యాసాలు చేసే అక్కాచెల్లెళ్ళు ఫ్రాన్సిస్కా, ఏంజెలీనా. ఆట అప్పుడే అయిపోయింది. ఒకమ్మాయి జనం వైపు తిరిగి అభివాదం చేస్తోంది. రెండో అమ్మాయి చేతుల నిండా నారింజపళ్ళతో మనవైపు తిరిగి ఉంది. జనం మెచ్చుకుని విసిరినవవి, అప్పట్లో అపురూపం. పై అంచున నల్లకోట్ల మగవాళ్ళు సగం సగమే కనిపిస్తారు. సురభి నాటకం అయ్యాక దండం పెట్టే పిల్లలు గుర్తొచ్చారు నాకు. ఇద్దరినీ రెన్వార్ సర్కస్ దుస్తుల్లోనే స్టూడియోకి పిలిపించి పగటి వెలుతురులో వేశాడు. ఒంటి రంగు అంత తేటగా ఉండడం అందుకే.

1892లో దీన్ని కొన్న షికాగో సంపన్నురాలు బెర్తా పామర్ విదేశాలకెళ్ళినా వెంట తీసుకెళ్ళేదట. 131 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మ! మనకేమో క్యాబిన్ బ్యాగ్ సైజుకే టెన్షన్.

సరా అనే చిత్రకారుడి ప్రసిద్ధ చిత్రం గ్రాంద్ జాత్ ముందు సెల్ఫీల గుంపు తప్పదు. మేం వెళ్ళినరోజు రెన్వార్ బొమ్మ దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడగలిగాం. కైబోత్ వేసిన వాన వీధి బొమ్మ కూడా వదలొద్దు. 1893లో వివేకానందుడు మాట్లాడింది ఈ భవనంలోనే.

బస దగ్గరే దెబ్బ తిన్నాం. డౌన్‌టౌన్‌లో ఓ హోటల్ ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించింది. దిగాక పార్కింగ్, ఇంకేదో ఫీజు కలిపి బిల్లు చూస్తే కళ్ళు తిరిగాయి. గది శుభ్రంగానే ఉంది, లిఫ్ట్ కోసం మాత్రం పడిగాపులు. కారుంటే శివారు ఊరు నేపర్‌విల్ వైపు దిగి, మెట్రా అనే లోకల్ రైల్లో యూనియన్ స్టేషన్‌కి రావడం నయం. అక్కణ్ణుంచి ఆడమ్స్ వీధి పట్టుకుని తిన్నగా నడిస్తే మ్యూజియం ముందు కంచు సింహాలు ఎదురవుతాయి.

మంగళ, బుధవారాలు సెలవు, అయినా బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకోండి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. లోపలి కేఫ్‌లో రుచి పర్లేదు, ధరలే మండుతున్నాయి. పులిహోర కట్టుకెళ్తే గ్యాలరీల్లో తిననివ్వరు, పక్కనున్న మిలీనియం పార్కులో కూర్చుని తినెయ్యొచ్చు.