పండక్కి విజయవాడ: బైకు, కారు, బస్సు, రైలు... ఏది మేలు?

ఏటా భోగికి రెండు రోజుల ముందు మా ఇంట్లో ఇదే పంచాయితీ. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద దాదాపు 275 కిలోమీటర్లు. రైలు టికెట్లు ఎప్పుడో అయిపోయుంటాయి. కారు తీద్దామా, బస్సెక్కుదామా? మా తమ్ముడైతే బైకు మీదే పోతానంటాడు, పంతంగి టోల్‌గేటు జామ్‌లో సందు చేసుకుని దూరిపోవచ్చని.

వాడి సంగతి ముందే తేల్చేయొచ్చు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. వందలో 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ పెట్టుకోకుండా పోయినవాళ్లే 50 వేలు.

కారు దగ్గరే అసలు చిక్కు. స్టీరింగ్ మన చేతిలో ఉందన్న ధీమా మనకి. అదే ఏడాది మరణాల్లో వందకు 71 అతివేగం ఖాతాలోవి. ఆ వేగం కూడా మన కాలి కిందే కదా! ఒకసారి తెల్లవారుజామున నకిరేకల్ దాటాక నాకు కునుకు పట్టింది. మహా అయితే మూడు సెకన్లు. వంద స్పీడులో మూడు సెకన్లంటే 80 మీటర్లకు పైనే, కళ్లు మూసుకుని. పక్కన మా ఆవిడ అరవకపోతే ఏమయ్యేదో. అప్పట్నుంచి కారులో వెళ్లాల్సొస్తే తెల్లారాకే బయల్దేరుతున్నాం.

బస్సులో నిద్ర మన వంతు, మెలకువ డ్రైవర్ వంతు. కానీ ఏదైనా జరిగితే పదుల్లో పోతారు. 2013లో పాలెం దగ్గర 45 మంది, 2025 అక్టోబరులో కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర 19 మంది ప్రయాణికులు బస్సు మంటల్లో కాలిపోయారు. రెండూ రాత్రి ప్రయాణాలే. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్‌లో పడి 60 మందికి పైగా పోయిన 2018 సంగతీ మర్చిపోలేం. అయినా నా ఓటు పగటిపూట ఆర్టీసీ సీటుకే. రాత్రి స్లీపర్ ఎక్కక తప్పకపోతే ముందు అత్యవసర ద్వారం, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో చూసుకుని పడుకోండి.

రైలంటే ఇప్పుడు అందరికీ ఒడిశాలోని బాలాసోర్ ప్రమాదం గుర్తొస్తుంది. 2023 జూన్ 2న అక్కడ 290 మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో మన విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 14 మంది. టీవీల్లో రోజుల తరబడి చూశాం. రోడ్ల మీద మాత్రం 2022 లెక్కన రోజుకు సగటున 460 మంది పోతున్నారు. అంటే బాలాసోర్ కంటే పెద్ద ప్రమాదం రోజూ జరుగుతున్నట్టే, కాకపోతే ఒక్కచోట కాదు.

అలాగని పట్టాలకు మచ్చ లేదనను. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో 2022లో రైల్వే మరణాలు 20 వేలు దాటాయి. వాళ్లలో ఎక్కువమంది బోగీ నుంచి జారిపడ్డవాళ్లు, పట్టాల మీద రైలు తగిలినవాళ్లు. బెర్తు ఉండి లోపల కూర్చున్నవాళ్ల సంగతి వేరు. జనరల్ బోగీ ఫుట్‌బోర్డు మీద వేలాడాల్సొస్తే మాత్రం రైలు కన్నా బస్సే నయం.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. భోగికి ఊళ్లో ఉండాలంటే నవంబరు రెండో వారంలోనే మేలుకోవాలి. ఈసారి ఆ పని తమ్ముడికే అప్పజెప్పాను.