మెల్లకన్ను పిల్లలకు జిగురు ప్యాచ్: మన ఉక్కపోతలో నిలుస్తుందా?

పిల్లల కంటికి వేసే ప్యాచీల్లో డబ్బు పెట్టదగ్గది ఒక్కటే, చర్మానికి అంటుకునే జిగురు ప్యాచ్. ఎలాస్టిక్‌తో తలకు తగిలించే నల్ల ప్యాచ్‌ను పిల్లలు వేలితో ఎత్తేస్తారు. కళ్లద్దాలకు తొడిగే గుడ్డ ప్యాచ్ ఉతుక్కోవచ్చు గానీ ముక్కు పక్కన సందు ఉండిపోతుంది. పిల్లాడు తల కాస్త వాల్చి ఆ సందులోంచి మంచి కంటితోనే టీవీ చూస్తుంటాడు, ఇంట్లోవాళ్లేమో డాక్టరు చెప్పిన రెండు గంటలు పూర్తయ్యాయనుకుంటారు.

ప్యాచ్ వేస్తే మెల్ల పోదు. వంకరగా తిరిగిన కన్ను పంపే బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తుంది, దాంతో ఆ కంటి చూపు మందగిస్తుంది. ప్యాచ్ బాగుచేసేది ఆ చూపునే. అందుకే మూయాల్సింది మంచి కన్ను.

డాక్టరు చూడకుండా మాత్రం కొనకండి. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పసిపిల్లలకు మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటి పిల్లలకు టార్చి వేస్తే రెండు కంటిపాపల్లోనూ మెరుపు ఒకేచోట పడుతుంది. నాలుగో నెల దాటాక కూడా కన్ను పక్కకు పోతుంటే అది ‘మెల్లకన్ను అదృష్టం’ అని ఊరుకునే విషయం కాదు. అరుదుగా కంటి లోపలి గడ్డకు కూడా మెల్లే తొలి గుర్తు. కంటిపాప పెద్దదయ్యే మందు వేసి రెటీనా (కంటి లోపలి వెనక పొర), పవర్ రెండూ చూడాలి. ప్లస్ పవర్ ఎక్కువై కన్ను లోపలికి తిరిగే పిల్లల్లో చాలామందికి అద్దాలతోనే కన్ను నిలబడుతుంది. అద్దాలు రాసిస్తే ప్యాచ్ చర్మానికి అంటించి, వాటిని పైన పెట్టాలి.

ఇక అంటించడం. కోనసీమ ఎండాకాలంలో ప్యాచ్ ఊడిందంటే సగం తప్పు చెమటది, సగం కొబ్బరినూనెది. తలకు నూనె, కంటికి కాటుక ప్యాచ్ తీశాకే పెట్టండి. మొహం సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరనివ్వండి. కన్ను మూయించి, సన్నటి కొస ముక్కు వైపుకి పెట్టి, అంచులు అరచేత్తో కాసేపు అదమండి. కనుబొమ మీద జిగురు పడితే తీసేటప్పుడు ఏడుపే, సైజు చూసి తీసుకోండి. తీసేముందు గోరువెచ్చటి నీళ్లతో అంచులు తడపండి. వాడింది మళ్లీ అంటదు.

చూపు ఓ మోస్తరుగా తగ్గితే రోజుకు 2 గంటలు, బాగా తగ్గితే 6 గంటల దాకా రాస్తారు. ఆ టైములో పూసలు గుచ్చడం, రంగులు వేయడం లాంటి దగ్గరి పని ఇవ్వండి, నిద్రపోయిన గంట లెక్కలోకి రాదు. తొందరపడి గంటలు పెంచితే మంచి కంటి చూపే తగ్గొచ్చు, చెప్పిన తేదీకి చూపించాల్సిందే.

చర్మం ఎర్రబడితే ఒకటి రెండు రోజులు ఆపండి. జిగురు అసలే పడకపోతే మంచి కంట్లో చూపు మసకబార్చే అట్రోపిన్ మందు వేసే పద్ధతి ఉంది, డాక్టర్ని అడగండి. కాబట్టి మొదటిసారి చిన్న ప్యాకెట్టే కొనండి.