రాయగడలో పిల్లలకూ తల్లిదండ్రులకూ కలిపి ఇస్తున్న శిక్షణ: ఒక సమీక్ష

చదువు మీద ధ్యాస తగ్గి, పెద్ద కుర్రవాళ్ల సావాసంలో దారి తప్పే సూచనలు కనిపిస్తున్న పదకొండు నుంచి పదిహేడేళ్ల పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ కలిపి ఒడిశాలోని రాయగడలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఆదివారాలు శిక్షణ ఇస్తోంది. మా అక్క కొడుకు కోసం మేము అందులో చేరి, సుమారు మూడు నెలల కార్యక్రమాన్ని చివరి వరకూ పూర్తి చేశాము. ఇటువంటి సహాయం ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్న తెలుగు కుటుంబాలకు పనికి వస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం కావాలనే రాయడం లేదు. మన ఊళ్లో ఆదివారం పొద్దున్న ఆ గేటు లోపలికి వెళ్లే పిల్లలు ఎవరో పోల్చుకోవడం ఎవరికైనా తేలిక. విచారణలో ఉన్న పిల్లల ఆనవాళ్లు బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. విచారణ దాకా వెళ్లని పిల్లలకు కూడా ఆ రక్షణ దక్కాలని నా అభిప్రాయం.

ఇక్కడ ఈ శిక్షణ ఎందుకు అవసరమో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. కోరాపుట్, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల కొండల నుంచి గంజాయి సరిహద్దు దాటి పోతుందన్న సంగతి మనకు కొత్త కాదు. బడి సంచీ వేసుకున్న పిల్లవాడి మీద ఎవరికీ అనుమానం రాదు కనుక, రైలులోనో బస్సులోనో ఒక సంచీ చేరవేస్తే చేతిలో నోట్లు పెడతామని ఆశ చూపేవారు ఉన్నారు. మా మేనల్లుడి విషయం అంత దూరం వెళ్లలేదు. బడి ఎగ్గొట్టడం, లెక్క చెప్పలేని డబ్బు జేబులో ఉండడం, ఎవరిదో బండి మీద చీకటి పడ్డాక తిరగడం, అడిగితే తల్లి మీద అరవడం వరకూ వచ్చింది. చుట్టుపక్కల వాళ్లు మాత్రం అప్పుడే తేల్చేశారు: ‘గుంటడు పాడైపోయాడు, ఒగ్గేయండి’ అని.

కౌన్సెలర్ మొదటి వారాల్లోనే చట్టం గురించి తల్లిదండ్రులకు విడమరచి చెప్పారు. మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 1 కిలో వరకూ చిన్న పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, దానికి శిక్ష కనీసం 10 ఏళ్లు. కనీస శిక్ష 7 ఏళ్లు గానీ అంతకు మించి గానీ ఉన్న నేరాలను బాలల న్యాయ చట్టం ఘోర నేరాలుగా పరిగణిస్తుంది. 16 ఏళ్లు నిండిన పిల్లవాడు అటువంటి సంచీతో పట్టుబడితే, వాడిని పెద్దవాడిగా విచారించాలా అన్న ప్రశ్న బాలల న్యాయ మండలి ముందుకు వస్తుంది. ‘చిన్నపిల్లాడు కదా, వదిలేస్తారు’ అని పిల్లలకు నూరిపోసేవారు ఈ మాట చెప్పరు. బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ పిల్లల చేత మత్తు పదార్థాలు మోయించినవారికి 7 ఏళ్ల వరకూ కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకూ జరిమానా విధిస్తుందని కూడా ఆమె చెప్పారు. దానివల్ల, సరుకు మోయమని పిల్లవాడిని ఎవరైనా అడిగితే, వాడు భయపడి దాచిపెట్టకుండా ఇంట్లో చెప్పవచ్చన్న ధైర్యం తల్లులకు వచ్చింది. బండ్ల సంగతీ అంతే. లైసెన్సు లేని మైనరు బండి నడిపి తప్పు చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకూ జైలు పడవచ్చని, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతుందని విన్నాక, మా బావగారు తన బండి తాళం తన దగ్గరే ఉంచుకుంటున్నారు.

అయితే ఈ కార్యక్రమంలో అన్నిటికంటే మేలైనది తల్లిదండ్రుల శిక్షణ. పిల్లవాడు అరుస్తాడు, ఇంట్లో గొడవ ఎందుకని తల్లి అడిగినది ఇచ్చేస్తుంది, అరుపు ఆగుతుంది. అరిస్తే పని జరుగుతుందని వాడు నేర్చుకుంటాడు, ఇచ్చేస్తే గొడవ ఆగుతుందని ఆమె నేర్చుకుంటుంది, మరుసటిసారి అరుపు ఇంకాస్త పెరుగుతుంది. అమెరికాలోని ఓరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇళ్లలో కూర్చుని గమనించి వివరించిన ఈ చక్రం మా అక్క ఇంట్లో రోజూ తిరుగుతున్నదే. దాన్ని ఆపడానికి నేర్పిన పద్ధతులు వినడానికి మామూలుగానే ఉంటాయి: ఒకసారికి ఒకే మాట, అదీ స్పష్టంగా చెప్పాలి, అమలు చేయలేని బెదిరింపు చేయకూడదు, చిన్న శిక్షే అయినా అన్న మాట ప్రకారం తప్పక జరగాలి, మంచి పని చేసినప్పుడు ఏ పని బాగుందో పేరుపెట్టి మెచ్చుకోవాలి. ‘ఇంటికి రా, నీ సంగతి చెప్తాను’ అనడం మాని, ‘ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి, లేకపోతే రేపు ఫోను ఇవ్వను’ అని గొంతు పెంచకుండా చెప్పడం మా అక్కకు చాలా కష్టమైంది. అందుకే అక్కడ ఉపన్యాసంతో సరిపెట్టరు. తల్లి కొడుకులా, కౌన్సెలర్ తల్లిలా నటించి, తర్వాత పాత్రలు మార్చి, మాట నోటికి అలవాటయ్యేదాకా సాధన చేయిస్తారు. కొడుకు పాత్రలో తనే అరిచి చూశాక, వాడికి ఎదురుగా ఉన్నవారి ముఖం ఎలా కనబడుతుందో తనకు తెలిసిందని అక్క చెప్పింది.

పిల్లవాడు ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు, ఎన్నింటికి వస్తాడు అన్న మూడు సంగతులు పోలీసు విచారణలా కాకుండా మామూలు మాటల్లో తెలుసుకోవడానికి కూడా ప్రత్యేకంగా సాధన ఉంది. సరిహద్దు పట్టణాల తెలుగువారికి ఇక్కడ ఒక ఇబ్బంది అదనం. పిల్లలు ఒడియాలో చదువుతారు, తల్లులకు ఆ లిపి రాదు. బడి నుంచి వచ్చిన కాగితాన్ని ఆ పిల్లవాడే చదివి అర్థం చెబుతాడు. హాజరు తగ్గిందని రాసి ఉంటే సెలవులని చెప్పేస్తాడు. ఇది గుర్తించి, ప్రతి తల్లికీ తరగతి ఉపాధ్యాయుని నంబరు ఇప్పించి, వారానికి ఒకసారి తల్లులే ఫోను చేసి మాట్లాడే ఏర్పాటు చేశారు. ఇంత చిన్న ఏర్పాటుకు ఇంత ఫలితం ఉంటుందని నేను అనుకోలేదు. శిక్షణ అంతా తెలుగులోనే జరుగుతుంది, నింపవలసిన పత్రాలు మాత్రం ఒడియాలో ఉన్నాయి. వాటిని కూడా తెలుగులో ఇవ్వాలి.

ఒక ఆదివారం కొందరు తండ్రులు, పిల్లలను పోలీస్ స్టేషనుకు తీసుకెళ్లి లాకప్ చూపించి భయపెట్టమని కోరారు. కౌన్సెలర్ ఒప్పుకోలేదు. 1970లలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పిల్లలను జైలుకు తీసుకెళ్లి ఖైదీల చేత భయపెట్టించారనీ, ఆ తరహా కార్యక్రమాలను తర్వాత పరీక్షించి చూస్తే, అలా వెళ్లి వచ్చిన పిల్లలే వెళ్లనివారి కంటే ఎక్కువగా నేరాల్లో ఇరుక్కున్నట్టు తేలిందనీ ఆమె ఓపికగా వివరించారు. అడిగినవారిని నొప్పించకుండా, తన మాట మీద గట్టిగా నిలబడిన ఆ తీరు నాకు ఎంతో నచ్చింది.

లోపాలు కూడా ఉన్నాయి, అవి చిన్నవి కావు. బడి ఎగ్గొట్టే పన్నెండేళ్ల పిల్లవాడినీ, దొంగతనాలకు అలవాటు పడిన పదిహేడేళ్ల కుర్రవాడినీ ఒకే గదిలో కూర్చోబెడతారు. ఇటువంటి పిల్లలను గుంపుగా చేర్చితే ఒకరి నుంచి ఒకరు తప్పుడు పనులే నేర్చుకునే ప్రమాదం ఉందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ డిషన్, ఆయన సహచరులు 1999లోనే హెచ్చరించారు. మా వాడికి అక్కడే ఒక పెద్ద కుర్రవాడితో స్నేహం కుదిరి, బయట కూడా కలుసుకోవడం మొదలైంది; మేము చెప్పాక సమయాలు మార్చారు. మా వాడి ఒక్కడి విషయంలో మార్చితే చాలదు, వయసును బట్టి గుంపులు విడదీయాలి. రెండవది, వచ్చేవారిలో దాదాపు అందరూ తల్లులే. కాగితపు మిల్లులో షిఫ్టు చేసే తండ్రి ఆదివారం పొద్దున్న రాలేడు. నేర్చుకున్న పద్ధతి తల్లి పాటిస్తూ ఉంటే తండ్రి బెల్టు తీస్తాడు, అంతటితో ఆమె మాటకు విలువ పోతుంది. సాయంత్రం పూట తండ్రుల కోసం విడిగా ఒక తరగతి పెట్టి తీరాలి. మూడవది, కార్యక్రమం ముగిశాక పలకరించే నాథుడు లేడు. ఇంటికి వచ్చి చూడడం లేదు, ఫోను చేసి అడగడం లేదు.

మా వాడు పూర్తిగా మారిపోయాడని చెప్పను. బడికి వెళ్తున్నాడు. రాత్రి ఇంట్లో ఉంటున్నాడు. అరుపులు తగ్గాయి, అప్పుడప్పుడు వస్తాయి, అక్క లొంగడం లేదు. రుసుము ఏమీ లేదు, సాధన పుస్తకానికి మాత్రం కొద్దిగా డబ్బు తీసుకుంటారు. పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్య తొలి సూచనలు కనిపిస్తున్న పిల్లలకు ఈ శిక్షణను గట్టిగా సిఫారసు చేస్తాను. మత్తుకు అలవాటు పడిపోయిన పిల్లవాడికి ఇది చాలదు; ముందు వైద్యునికి చూపించాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోను చేయాలి, అక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు. పిల్లవాడిని ఎవరైనా సరుకు మోయమని బలవంతపెడుతున్నారని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాలి. చేరాలనుకునేవారు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో వాకబు చేయవచ్చు. వెళ్లేటప్పుడు తండ్రిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, పిల్లవాడిని చిన్న వయసు గుంపులో కూర్చోబెట్టమని మొదటి రోజే అడగండి.