జిల్లా పేజీలో వార్తా? వ్లాగర్ రీలా?

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లకు నలుగురి నోళ్లలో పడేందుకు రెండు దారులు: పేపర్ జిల్లా పేజీ, ఫుడ్ వ్లాగర్ వీడియో.

వీడియోకు ఊపెక్కువ. 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనాలు అమ్మే కుమారి ఆంటీ సంగతి చూశాం కదా. యూట్యూబ్ చూసి జనం ఎగబడ్డారు, రోడ్డు జామైంది, పోలీసులు ఆపేయమన్నారు, చివరికి ముఖ్యమంత్రి కలగజేసుకుని అక్కడే ఉండనివ్వమన్నారు. అంత గిరాకీ ఒక్కసారిగా మీద పడితే ఇద్దరు మనుషులతో నడిచే వంటిల్లు తట్టుకోలేదు. మూడో రోజు తిరగకలపకుండానే, నూనె పైకి తేలకముందే ఆవకాయ సీసాలకెక్కుతుంది. ఆ ఊరని ముక్క కొరికినవాడు కామెంట్ పెట్టక మానడు!

పేపర్ నిదానం. విలేకరికి 'మా పచ్చడి బాగుంటుంది' అంటే వార్త కాదు. 'మా వీధి ఆడవాళ్లు ఆరుగురికి ఇందులో పని దొరికింది' అంటే వార్త. డబ్బులిచ్చి వేయించుకుంటే ప్రకటనే. కటింగ్‌కు లామినేషన్ చేయించి కొట్లో తగిలిస్తే ఏళ్ల తరబడి మాట్లాడుతుంది.

నేనైతే మామిడికాయల సీజన్‌కు ముందే విలేకరిని పిలుస్తాను, వ్లాగర్‌ని మాత్రం జాడీలు నిండాకే. సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉందో లేదో ఇద్దరూ రాకముందే చూసుకోవాలి.