డియోర్ క్రాంక్, హాలోటెక్ 2 బాటమ్ బ్రాకెట్: ఇంట్లో నేనే బిగించి ఏడాది తొక్కాక

ముందే చెప్పేస్తున్నా, ఈ సామాను నాకు బాగా నచ్చింది. షిమానో డియోర్ ఎం6100 క్రాంక్ (పెడల్స్ బిగించే చేతులు), దానికి జోడీగా ఎంటీ501 బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగుల భాగం). నా హార్డ్‌టెయిల్‌కి (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్) వీటిని ఇంట్లో నా చేతులతోనే వేసుకుని ఏడాది దాటింది. వానలో, బురదలో, రాళ్ల దారుల్లో తొక్కాను. ఇప్పటికీ నిలబడి పెడల్ తొక్కుతూ ఎత్తు ఎక్కుతుంటే కింద నుంచి ఒక్క చప్పుడు రాదు. పాత క్రాంక్‌తో పడ్డ బాధ తెలుసు కాబట్టి ఆ నిశ్శబ్దం విలువ నాకు తెలుసు.

పాతది స్క్వేర్ టేపర్ రకం, అంటే నలుచదరంగా సన్నబడే ఇరుసు చివర మీద క్రాంక్ ఎక్కి బిగిసేది. గేర్లన్నీ 12 స్పీడుకి మార్చినా క్రాంక్ మాత్రం దాన్నే ఉంచుకున్నాను. ఎడమ క్రాంక్ మాటిమాటికీ వదులయ్యేది. బోల్టు బిగిస్తే రెండు రైడ్లు బాగుండేది, తర్వాత మళ్లీ టక్కు టక్కు. అలా వదులుగా ఉన్నప్పుడే కొంత దూరం తొక్కేశాను. దాంతో క్రాంక్ లోపలి నలుచదరపు రంధ్రం అంచులు అరిగి గుండ్రబడ్డాయి. ఒకసారి అలా అరిగిన క్రాంక్ ఎంత బిగించినా నిలవదు, మార్చాల్సిందే. మీ సైకిల్‌కి స్క్వేర్ టేపర్ ఉంటే, ఎడమ వైపు కొంచెం ఊగినా ఆ రోజుకి తొక్కడం ఆపేయండి.

ఈ కొత్త క్రాంక్‌ది షిమానో హాలోటెక్ 2 పద్ధతి. ఇందులో ఇరుసు కుడి క్రాంక్‌తో కలిసే వస్తుంది. 24 మి.మీ. లావు, లోపలంతా బోలు. బేరింగులు ఫ్రేమ్ గొట్టం లోపల కాకుండా బయటి కప్పుల్లో ఉంటాయి. ఎడమ క్రాంక్ ఇరుసు చివరనున్న పళ్ల మీద ఎక్కుతుంది. 2003 నాటి ఎక్స్‌టీఆర్‌తో (షిమానో పై స్థాయి సామాను) వచ్చిన పద్ధతి ఇది, ఇప్పుడు డియోర్ దాకా దిగింది. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది రెండు పనుల్ని విడదీయడం. పక్కలకి ఊగకుండా చూసేది ఒక చిన్న ప్లాస్టిక్ క్యాప్. క్రాంక్‌ని ఇరుసుకి పట్టి ఉంచేవి రెండు బోల్టులు. క్యాప్ పని బోల్టులు చేయవు, బోల్టుల పని క్యాప్ చేయదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఇంట్లో బిగించేటప్పుడు సగం తప్పులు జరగవు.

కొనే ముందు ఫ్రేమ్‌లో బాటమ్ బ్రాకెట్ కూర్చునే గొట్టం వెడల్పు కొలవండి. మర ఉన్న మౌంటెన్ బైక్ ఫ్రేముల్లో అది 68 గానీ 73 గానీ మి.మీ. ఉంటుంది. పెట్టెలో 2.5 మి.మీ. స్పేసర్లు మూడు వస్తాయి. 73కి అయితే కుడి వైపు ఒక్కటి చాలు. 68కి కుడి వైపు రెండు, ఎడమ వైపు ఒకటి. నాది 73. మొదటిసారి తొందరలో ఆ ఒక్క స్పేసర్‌ని ఎడమ వైపు పెట్టేశాను. చైన్‌రింగ్ (క్రాంక్‌కి ఉన్న పళ్ల చక్రం) 2.5 మి.మీ. లోపలికి జరిగింది. వెనక ఉన్న పళ్ల చక్రాల్లో అన్నిటికంటే చిన్నదాని మీదకి వెళ్తే చైన్ గరగరమనేది. చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే డిరైలర్‌ని అనుమానించి గంటసేపు దాన్నే సర్దుతూ కూర్చున్నాను. స్పేసర్ అటు నుంచి ఇటు మార్చగానే శబ్దం పోయింది.

మర దిశ గురించి అందరూ టెన్షన్ పడతారు. కుడి కప్పుది ఎడమ చేతి మర, అంటే మామూలు బోల్టుకి తిరగబడి బిగుస్తుంది. ఎడమ కప్పుది మామూలు మరే. గుర్తు పెట్టుకోవడానికి నేను ఇలా చూస్తాను: రెంచ్ పిడి పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు నెడితే ఏ వైపు కప్పయినా బిగుస్తుంది, ముందు చక్రం వైపు నెడితే ఊడుతుంది. పెడల్స్‌కి సరిగ్గా దీనికి తిరగబడి. కుడి కప్పు మర అలా ఎందుకు ఉందో తెలియాలంటే, పిడికిలిలో పెన్సిల్ వదులుగా పట్టుకుని రెండో చేత్తో దాని పైకొనని గుండ్రంగా తిప్పండి. మీరు తిప్పే దిశకి వ్యతిరేకంగా పెన్సిల్ తన చుట్టూ తాను తిరుగుతుంది. బేరింగ్ లోపల అలాంటి తోపుడే మెల్లగా కప్పుని విప్పేస్తుంది. దాన్ని ఆపడానికే ఆ ఎడమ చేతి మర.

పాతది విప్పినప్పుడు మరలో గ్రీజు జాడే లేదు, ఎర్రటి తుప్పు పొడి రాలింది. బిగించినవాళ్లు పొడి మరలోనే తిప్పేశారు. మర మొత్తం పాత గుడ్డతో తుడిచి, గాడి గాడికీ అందేలా గ్రీజు పూశాను. కప్పులు మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే అక్కడే ఆగండి, రెంచ్ ముట్టుకోకండి. వంకరగా ఎక్కిన కప్పుని బలంగా తిప్పితే పోయేది ఫ్రేమ్ మర. ఆ తర్వాత 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల (టార్క్, అంటే తిప్పే బలం, కొలత) దాకా బిగించాలి. దీనికి మొదట కొన్న చవక రెంచ్ కప్పు చుట్టూ ఉన్న గాట్లలో సరిగ్గా కూర్చోక జారి, కప్పు అంచు చెక్కేసింది. గాట్లని చుట్టూ పట్టే రకమే కొనండి. డియోర్ కంటే పైదైన ఎక్స్‌టీ స్థాయి ఎంటీ800 బాటమ్ బ్రాకెట్ కప్పులు చిన్నవి, మామూలు రెంచ్‌కి అడాప్టర్ పెట్టాలి.

గొట్టం అంచులు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే బేరింగులు ఏటవాలుగా కూర్చుంటాయి. ఆ అంచులు చదును చేయడం మాత్రం ఇంటి పని కాదు, పరికరం ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

కప్పులు బిగిశాక ఇరుసుకి పల్చగా గ్రీజు పూసి, చైన్‌ని పక్కకి తప్పించి, కుడి వైపు నుంచి తోయాలి. చివర్లో రబ్బరు సుత్తితో రెండు మెల్లని దెబ్బలు వేస్తే చాలు. ఎడమ క్రాంక్‌లో రెండు పళ్ల గాడులు మిగతావాటి కంటే వెడల్పు, ఇరుసు మీద వాటికి సరిపడే చోటు చూసి ఎక్కించాలి. ఆ తర్వాత క్యాప్.

ఈ క్యాప్ దగ్గర చెయ్యి అదుపులో ఉండాలి. దాని టార్క్ 0.7 నుంచి 1.5 న్యూటన్ మీటర్లు మాత్రమే. దాన్ని తిప్పే పరికరం కూడా చిన్న ప్లాస్టిక్ బిళ్ల. రెండు వేళ్లతో పట్టి తిప్పితే ఒక చోట మెత్తగా ఆగుతుంది, అక్కడితో సరి. ఇంకాస్త తిప్పితే బలం బేరింగుల మీద పక్క నుంచి పడుతుంది. క్రాంక్ బరువుగా తిరుగుతుంది, బేరింగులు తొందరగా పోతాయి. ఇక్కడ బేరింగ్ పోతే కప్పుతో సహా మార్చాలి, నాకున్న అసంతృప్తి ఇదొక్కటే.

క్యాప్ అయ్యాక ఎడమ క్రాంక్ చీలికలోని నల్లటి ప్లాస్టిక్ నాలుకని లోపలికి నొక్కాలి. దాని పిన్ను ఇరుసు రంధ్రంలో పడగానే టిక్కుమంటుంది. ఆ చప్పుడు రాకపోతే క్రాంక్ పూర్తిగా లోపలికి ఎక్కలేదన్నమాట. అప్పుడు బోల్టులతో లాగాలని చూడకండి, విప్పి మళ్లీ ఎక్కించండి. టిక్కుమన్నాకే రెండు బోల్టుల్ని 5 మి.మీ. అల్లెన్ కీతో ఇటు కొంచెం అటు కొంచెం మార్చి మార్చి బిగిస్తూ, చివరికి టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే రెంచ్) 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల దాకా తేవాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే, రెండోది బిగిసేసరికి మొదటిది వదులవుతుంది. టార్క్ రెంచ్ లేకుండా ఈ పని చేయొద్దనే చెబుతాను.

మర లేకుండా బేరింగులు నొక్కి కూర్చోబెట్టే ఫ్రేములకి ఈ ఎంటీ501 సరిపోదు, వాటికి ప్రెస్‌ఫిట్ రకం తీసుకోవాలి.

పోయిన వారం మొత్తం విప్పి చూశాను. ఎడమ కప్పు అంచున గ్రీజు బురదతో కలిసి నల్లబడింది. బేరింగ్‌లో వేలు పెట్టి తిప్పితే గరుకు ఎక్కడా తగల్లేదు. తుడిచి, కొత్త గ్రీజు పూసి, అదే వరుసలో మళ్లీ బిగించాను. క్యాప్ రెండు వేళ్లతో, బోల్టులు 13 దగ్గర.