కంచరపాలెం మెట్టు దగ్గర ఆయిల్ కొట్టు: బుడగ చూపించి మరీ అమ్మారు

మొన్న మార్చిలో మా వీధి మెకానిక్ నా యాక్టివాలో 20డబ్ల్యూ-50 అనే చిక్కటి రకం ఇంజిన్ ఆయిల్ పోశాడు. "మన వైజాగ్ ఎండలకి చిక్కటిదే పడాలి మేడమ్" అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాను. వారం తిరక్కుండానే పొద్దున సెల్ఫ్ నొక్కితే బండి మూలగడం మొదలెట్టింది. అమ్మని ఎక్కించుకుని సింహాచలం కొండెక్కుతుంటే మలుపు మలుపుకీ నీరసమే. మైలేజీ 46 నుంచి 43కి దిగింది.

ఆ చిరాకుతో ఈ కొట్టుకి వెళ్ళాను. ఇద్దరు నిలబడితే నిండిపోయేంత కొట్టు. పెద్దాయన డబ్బా తీసివ్వలేదు. "ముందు బండి పుస్తకం ఏదమ్మా?" అన్నారు. ఫోన్‌లో వెతికితే దొరికింది: 10డబ్ల్యూ-30, అంటే అంతకన్నా పల్చటిది; జాసో ఎంబీ, అంటే బండ్ల ఆయిల్‌కి జపాన్ వాళ్ళ ప్రమాణంలో ఒక రకం.

బల్ల కింద నుంచి రెండు చిన్న గాజు సీసాలు తీశారు. ఒకదాన్లో నేను పోయించుకున్న రకం, ఇంకోదాన్లో 10డబ్ల్యూ-30. రెండూ ఒకేసారి తలకిందులు చేశారు. పల్చటిదాన్లో బుడగ చకచకా పైకొచ్చేసింది. చిక్కటిదాన్లో బుడగ మా స్కూల్ పిల్లలు సోమవారం క్లాసుకి వచ్చినట్టు వచ్చింది. ఆ చిక్కటిదాన్నే చూపించి, "పొద్దున చల్లారిన ఇంజిన్‌లో పైదాకా ఎక్కాల్సింది ఇదేనమ్మా" అన్నారు.

మరి ఎండల సంగతి? డబ్ల్యూ అంటే వింటర్ అట. 10డబ్ల్యూకి మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర పరీక్ష పెడతారు. లంబసింగి చలి కూడా దానికి లెక్కలోది కాదు. వెనకున్న అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనానిది. "ఎండైనా వానైనా నడిచే ఇంజిన్ లోపల వేడి ఆ దరిదాపులకి ఎలాగూ వెళ్ళిపోద్ది. కంపెనీవాడు అది లెక్కేసుకునే రాశాడు" అన్నారు. పాత బండి ఆయిల్ తాగేస్తుంటే, అదీ పుస్తకంలోని చార్టు ఒప్పుకుంటేనే, ఒక మెట్టు చిక్కటిది వాడొచ్చట.

పనిలో పనిగా మా ఆయన బుల్లెట్‌కీ ఇదే ఇంకో డబ్బా ఇమ్మన్నాను. ససేమిరా అన్నారు. స్కూటర్ క్లచ్ ఇంజిన్ ఆయిల్‌కి బయట ఉంటుంది కాబట్టి జారుడు ఎక్కువుండే ఎంబీ సరిపోతుంది. గేర్ల బండిలో క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. ఎంబీ పోస్తే జారిపోద్దట. బుల్లెట్‌కి 15డబ్ల్యూ-50, క్లచ్ జారనివ్వని ఎంఏ2 రకం కావాలి. చేతికొచ్చిన బేరం వదులుకున్న కొట్టతన్ని ఈమధ్య చూడలేదు.

లోపాలూ ఉన్నాయి. అడిగితేగాని బిల్లు రాయరు. బండి పెట్టే చోటు లేదు. ఆయిల్ మార్చరు కూడా. పక్క షెడ్డులో కుర్రాడి చేత, గేజీ గీతల మధ్య ఆగేలా దగ్గరుండి పోయించుకున్నాను. నెలయింది, సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంటోంది. మైలేజీ 45.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్టు మూసేస్తారు. చెప్పినా వినకుండా మా ఆయన రెండున్నరకి వెళ్ళి, షట్టర్ చూసి వచ్చారు.