ఎం.ఏ. ఇంగ్లీష్ అడ్మిషన్ కన్సల్టెన్సీ చేతిలో పెడుతున్నారా? ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో ముందు చూసుకోండి

గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద బోర్డు పెట్టుకుని డిగ్రీ, పీజీ అడ్మిషన్లు చేయిస్తామనే కన్సల్టెన్సీల్లో ఒకటి. పేరు రాయట్లేదు, అటు తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. మా తమ్ముడికి దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీష్ అడ్మిషన్ కోసం 24,000 కట్టాం. అందులో ఒక్క రూపాయి కూడా యూనివర్సిటీకి చేరలేదని నిన్న తెలిసింది. గడువు అయిపోయింది, ఈ సెషన్ పోయింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు, ఒకటి ఇంకా అక్కడే ఉంది. ఇంకా చెయ్యి వణుకుతూనే ఉంది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎలా తెలిసిందంటే, రెండు నెలలైనా ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాలేదు. అడిగినప్పుడల్లా "ప్రాసెస్‌లో ఉందండీ" అన్నారు. చివరికి యూనివర్సిటీ హెల్ప్‌లైన్‌కి నేనే ఫోన్ చేసి అప్లికేషన్ నంబరు చెప్పాను. దరఖాస్తు సగంలోనే ఆగిందట, డెబ్ ఐడీ (దూరవిద్యలో చేరాలంటే విద్యార్థి పేరున ఉండాల్సిన నంబరు) గడి ఖాళీగా ఉందట, ఫీజు పెండింగ్ అట. లాగిన్ అయి కళ్లారా చూద్దామని పాస్‌వర్డ్ మార్చబోతే, ఓటీపీ పంపామంటూ తెర మీద కనబడ్డ నంబరు చివరి నాలుగు అంకెలు మా తమ్ముడివి కావు. ఈమెయిల్ కూడా వాళ్లు సృష్టించిందే. వాడి పేరు మీద ఉన్న దరఖాస్తులోకి వాడే వెళ్లలేడు.

అప్పటికప్పుడు ఇద్దరం వెళ్లాం. కౌంటర్ వెనక బీరువా తెరిచి ఉంది. రబ్బరు బ్యాండ్లు వేసిన ఫైళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి, పైన స్కెచ్ పెన్నుతో పిల్లల పేర్లు. అన్నీ ఒరిజినల్సే. మా ఫైలు ఇవ్వమన్నాం. "సర్టిఫికెట్లు కావాలంటే రెండో సంవత్సరం డబ్బు కూడా కట్టేసి పట్టుకెళ్లండి, ప్యాకేజీ మాట్లాడుకున్నాం కదా" అన్నాడు కౌంటర్లో ఉన్నతను. డబ్బు యూనివర్సిటీకి ఎందుకు కట్టలేదని అడిగితే మా తమ్ముడు సంతకం పెట్టిన కాగితం తీసి నా ముందుకి తోశాడు. అడుగున చీమతలంత అక్షరాల్లో నాలుగు లైన్లు: సర్వీస్ చార్జీలు నాన్ రిఫండబుల్, అడ్మిషన్ బాధ్యత మాది కాదు. "ఇంగ్లీష్ టీచర్‌నంటున్నారు, ఇంగ్లీష్‌లో ఉన్నది చదవకుండా సంతకం పెట్టించారా మేడమ్?" అన్నాడు. పక్క కుర్చీల్లో అడ్మిషన్‌కి వచ్చిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఉన్నారు. మా తమ్ముడు తల దించుకున్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆ మాట అన్నందుకు వాణ్ని క్షమించను. కానీ అందులో నా తప్పు ఉంది. నేను ఎం.ఏ. ఇంగ్లీష్ చేసిన మనిషిని, పదిమందికి దారి చెప్పేదాన్ని. స్కూల్ పనుల్లో పడి, వాళ్లు చూసుకుంటార్లే అని వదిలేశాను. అందుకే తెలిసినదంతా ఇక్కడ పెడుతున్నా.

కన్సల్టెన్సీలు చెప్పేది సగం నిజం, అందుకే నమ్ముతాం. "దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌తో సమానం" అంటారు. నిజమే, యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2020 నిబంధనల్లోనే ఉంది. కానీ గుర్తింపు ఉంటేనే సమానం. ఆ గుర్తింపు యూనివర్సిటీ మొత్తానికి ఒకేసారి ఇచ్చేది కాదు. కోర్సు వారీగా, సెషన్ వారీగా ఇస్తారు. అదే యూనివర్సిటీలో ఎం.కాం.కి ఉండి ఎం.ఏ. ఇంగ్లీష్‌కి లేకపోవచ్చు, పోయినేడు ఉండి ఈ ఏడు లేకపోవచ్చు. యూజీసీ దూరవిద్యా బ్యూరో (డెబ్) పోర్టల్‌లో జాబితా ఉంటుంది. యూనివర్సిటీ పేరు, మీరు చేరే సెషన్, కోర్సు పేరు, మూడూ ఒకే వరుసలో కనబడాలి. దూరవిద్య జాబితా వేరు, ఆన్‌లైన్ జాబితా వేరు. ఒకదాంట్లో ఉందని రెండోదాంట్లో చేరొద్దు.

ఇంకో సంగతి. రాష్ట్ర యూనివర్సిటీలు, ప్రైవేటు యూనివర్సిటీలు తమ రాష్ట్రం దాటి దూరవిద్య స్టడీ సెంటర్లు పెట్టకూడదు. ఫ్రాంచైజీ అసలే ఇవ్వకూడదు. ఎక్కడో ఉత్తరాదిలో ఉన్న యూనివర్సిటీకి గుంటూరులో మేమే ఆథరైజ్డ్ సెంటర్ అని ఎవరైనా అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ఆన్‌లైన్ కోర్సుకి ఆ హద్దు లేదు, కానీ దానికి సెంటరే అక్కర్లేదు కదా, ఇంట్లో కూర్చుని మీరే చేరొచ్చు. యూజీసీ ప్రకటించిన నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా ఒకసారి చూడండి. అందులో గుంటూరు చిరునామాతోనే ఒకటి ఉంది.

డెబ్ ఐడీ సంగతి చాలామందికి తెలియదు, మోసం జరిగేది సరిగ్గా అక్కడే. 2024 నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ చేరాలంటే అది తప్పనిసరి. ముందు డిజిలాకర్‌లో ఏబీసీ ఐడీ తీసుకోవాలి, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ది, మన చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు. దాంతో యూజీసీ డెబ్ పోర్టల్‌లో డెబ్ ఐడీ సృష్టించుకోవాలి. ఆ నంబరు యూనివర్సిటీ దరఖాస్తులో వేయాలి. ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉంటే పెద్ద పనేం కాదు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే అక్కడ ఆగిపోతుంది, కాబట్టి ముందు ఆధార్ సరిచేయించుకోండి. ఇది విద్యార్థి తన ఫోన్‌తో తానే చేసుకోవాల్సిన పని. మీ చేత డెబ్ ఐడీ చేయించకుండానే "అడ్మిషన్ అయిపోయింది" అన్నారంటే కాలేదని అర్థం. మాకు జరిగింది ఇదే. వాడి ఏబీసీ ఐడీ ఎవరూ అడగనే లేదు, మాకూ అనుమానం రాలేదు.

డబ్బు యూనివర్సిటీ పోర్టల్‌లోనే, మీ ఖాతా నుంచే కట్టండి. ఊరికే చెప్పట్లేదు, దీనికి కారణం ఉంది. ఫీజు వాపసుకి యూజీసీ 2018లో నియమాలు పెట్టింది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు అంతకన్నా ముందే మానుకుంటే ఫీజు మొత్తం వెనక్కి రావాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతానికి, 5,000కి మించి పట్టుకోకూడదు. 15 రోజుల లోపు అయితే 90 శాతం. చివరి తేదీ దాటాక 15 రోజుల వరకు 80, 16వ రోజు నుంచి 30వ రోజు వరకు 50, అదీ దాటితే ఏమీ రాదు. ఒరిజినల్స్ పరిశీలించి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని కూడా అందులోనే ఉంది. కానీ ఇవి యూనివర్సిటీలకి, కాలేజీలకి పెట్టిన నియమాలు. కన్సల్టెన్సీ వాడు కాలేజీ కాదు. మా దగ్గరున్న రసీదు చూస్తే కడుపు రగిలిపోతోంది. యూనివర్సిటీ పేరు లేదు, కోర్సు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. "సర్వీస్ చార్జీలు 24,000", కింద ఒక గీత లాంటి సంతకం, అంతే. ఆ కాగితంతో ఏ యూనివర్సిటీని అడగగలం?

అసలు మనకి కన్సల్టెన్సీ అక్కర్లేదండీ. రెగ్యులర్‌గా చదవాలంటే ఏపీ పీజీసెట్ రాయాలి. 2021 నుంచి రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ అదొక్కటే పరీక్ష. కంప్యూటర్ మీద 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు. ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు, అంటే మీకు కావాల్సిన కాలేజీల వరుస, మీ చేత్తో మీరే పెట్టుకోండి. సీటు ర్యాంకుని బట్టి, మీరు పెట్టిన వరుసని బట్టి వస్తుంది. నెట్ సెంటర్ వాడికి వదిలేస్తే తనకి కమిషన్ ఇచ్చే కాలేజీని పైన పెడతాడు, ర్యాంకు ఉండి కూడా క్యాంపస్ సీటు పోతుంది. ఆప్షన్లు సేవ్ చేశాక ప్రింట్ తీసి వరుస సరిచూసుకోండి.

దూరవిద్య అయితే గుంటూరు నుంచి విజయవాడ బస్సెక్కితే దారిలోనే నాగార్జున యూనివర్సిటీ దిగొచ్చు, దూరవిద్యా కేంద్రం క్యాంపస్‌లోనే ఉంది. కేంద్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకి విజయవాడలో రీజినల్ సెంటర్ ఉంది. ఇగ్నో ఎం.ఏ. ఇంగ్లీష్‌కి ఏ డిగ్రీ అయినా చాలు, దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్, ఏటా జనవరి, జూలై రెండు సెషన్లు. దూరవిద్యకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అది కూడా ఇప్పిస్తామన్నారంటే అబద్ధమే.

చేరాక కూడా ఈ మధ్యవర్తులు వదలరు. "అసైన్‌మెంట్లు మేమే రాసిపెడతాం, పరీక్షకి వచ్చి కూర్చుంటే చాలు" అంటారు. ఒకటే కాపీని ముప్పై మందికి రాయిస్తారు. ఇగ్నోలో అసైన్‌మెంట్ సొంత చేతిరాతతో ఉండాలి, ఒకరిది ఒకరు ఎత్తి రాస్తే తిప్పికొడతారు. తిప్పికొట్టకపోయినా ఇచ్చేది పాస్ మార్కులే. అక్కడ జరిగే నష్టం మెమో వచ్చాకగానీ తెలియదు.

లెక్క చూడండి. అసైన్‌మెంట్‌కి 30 శాతం, చివరి పరీక్షకి 70 శాతం వెయిటేజి. పాస్‌కి ఒక్కోదాంట్లో 40 చాలు. కానీ డిగ్రీ కాలేజీలో లెక్చరర్ కావాలంటే యూజీసీ అర్హత పరీక్ష నెట్‌గానీ, రాష్ట్రం పెట్టే సెట్‌గానీ రాయాలి, వాటికి ఎం.ఏ.లో 55 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకైతే 50. మీరే చదివి రాసిన అసైన్‌మెంట్‌కి 70 వస్తే పరీక్షలో 49 తెచ్చుకున్నా 55 దాటుతారు. కొనుక్కున్నదానికి 40 వేస్తే పరీక్షలో 62 రావాలి. సాహిత్యం పేపర్లో 62 అంటే మాటలు కాదు. ఈ తేడాని మీ చేతిరాతతో మీరే సంపాదించుకోవచ్చు.

గైడ్లు అంటగట్టడం ఇంకో వ్యాపారం. విజయవాడ ఏలూరు రోడ్డులో కొన్నా, కన్సల్టెన్సీ జిరాక్స్ కట్ట ఇచ్చినా, సారాంశాలు చదివి బ్రిటిష్ పొయెట్రీ పేపరు గట్టెక్కలేరు. మొదటి ప్రశ్నలోనే పద్యం లైన్లు ఇచ్చి, ఎక్కడివి, ఏ సందర్భం, అర్థమేంటి అని అడుగుతారు. మూలం కనీసం రెండుసార్లు చదివినవాళ్లకే ఆ లైన్లు గుర్తొస్తాయి. 14వ శతాబ్దపు ఇంగ్లీష్‌లో ఉన్నవైతే గొంతెత్తి చదవాలి, కంటితో చూస్తే స్పెల్లింగే అడ్డం పడుతుంది.

సంవత్సరం ఫీజు కట్టాం కదా, హాల్ టికెట్ అదే వస్తుందనుకోవద్దు. ఇగ్నోలో పరీక్ష ఫారం వేరు, దాని ఫీజు వేరు. జూన్ పరీక్షలకీ డిసెంబరు పరీక్షలకీ విడివిడిగా నింపాలి, మర్చిపోతే ఆరు నెలలు వెనక్కి. రెండో సంవత్సరం రీ-రిజిస్ట్రేషన్ కూడా అంతే. మొదటి ఏడాది పేపర్లు మిగిలినా రీ-రిజిస్ట్రేషన్ ఆపక్కర్లేదు, నాలుగేళ్ల దాకా గడువు ఉంటుంది. అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు రసీదు తీసుకుని ఫోటో పెట్టుకోండి, మార్కులు ఎక్కకపోతే అదే ఆధారం. ఈ మెసేజ్‌లన్నీ దరఖాస్తులో ఇచ్చిన ఫోన్‌కే వస్తాయి. అది కన్సల్టెన్సీ వాడి ఫోన్ అయితే రెండేళ్లూ మీ చదువు వాడి గుప్పిట్లో ఉంటుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు యూనివర్సిటీకి సొంత ఈమెయిల్ నుంచి రాసి, ఆధార్ జత చేసి, ఫోన్ నంబరు మార్పించుకోండి. సర్టిఫికెట్లు ఇవ్వకపోతే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. డబ్బు విషయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. నగదు ఇచ్చి ఉంటే వాట్సాప్‌లో వాడు డబ్బు గురించి పెట్టిన మెసేజ్‌లు చెరిపేయకండి, మా దగ్గర మిగిలిన గట్టి ఆధారం అదొక్కటే.

నిన్న సాయంత్రం స్టేషన్‌కి వెళ్తున్నామని చెప్పాక ప్రొవిజనల్, టీసీ చేతిలో పెట్టాడు. కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో మాత్రం ఫైల్లో లేదట, వెతికి సోమవారం ఇస్తాడట. ఫిర్యాదు ఇవాళే రెండు కాపీలు రాసి పెట్టాం. ఆ బీరువాలో తమ పిల్లల ఫైలు ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే సోమవారం పదింటికి అక్కడికి రండి, కలిసి అడుగుదాం.